జెడ్‌షెల్‌లో మనం రాసుకున్న విడ్జెట్‌కి ఆర్గ్యుమెంట్ ఎలా పంపాలి?

ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. జెడ్‌షెల్‌లో (టెర్మినల్‌లో మనం కొట్టే కమాండ్లని నడిపే ప్రోగ్రామ్) కర్సర్ ఉన్న పదం చుట్టూ కోట్స్ పెట్టే ఫంక్షన్ ఒకటి రాశారు. దాన్ని విడ్జెట్ (కీ నొక్కితే నడిచే ఎడిటింగ్ ఆదేశం) చేసి ఒక కీకి బైండ్ చేశారు, అంటే తగిలించారు, బాగానే పనిచేస్తోంది. ఇప్పుడు అదే ఫంక్షన్ ఒక కీకి సింగిల్ కోట్, ఇంకో కీకి డబుల్ కోట్, మూడో కీకి బ్రాకెట్ పెట్టాలి. కీకి విడ్జెట్‌ని తగిలించే బైండ్‌కీ ఆదేశంలో విడ్జెట్ పేరునీ ఆర్గ్యుమెంట్‌నీ (ఫంక్షన్‌కి అందించే విలువని) కోట్స్‌లో కలిపి రాసి కీ నొక్కితే 'నో సచ్ విడ్జెట్' అంటోంది. ఫంక్షన్‌ని మూడుసార్లు కాపీ చేసుకోవడం తప్ప దారి లేదా? ఒకేసారి మూడు పదాల చుట్టూ పెట్టాలంటే ఎలా? బ్యాష్ అనే ఇంకో షెల్‌లో ఈ గొడవే లేదట, నిజమేనా?

సూటిగా చెప్పాలంటే, బైండ్‌కీ ద్వారా ఆర్గ్యుమెంట్ పంపడం కుదరదు. కీకి తగిలించగలిగేది విడ్జెట్ పేరు ఒక్కటే. అలాగని కాపీలూ అక్కర్లేదు. అసలు పని చేసే ఫంక్షన్ ఒక్కటే ఉంచి, దాన్ని మూడు రకాల ఆర్గ్యుమెంట్లతో పిలిచే ఒక్క లైను ఫంక్షన్లు మూడు రాసుకోండి. ఆ మూడింటినీ విడ్జెట్లు చేసి మూడు కీలకి బైండ్ చేయండి. మీ అవసరానికి ఇది చాలు. అయితే కీలు మూడు నుంచి పది అయినప్పుడు ఈ పద్ధతి విసుగొస్తుంది, అందుకే మిగతా దారులు కూడా చెబుతాను.

(ఆదేశాలన్నీ ఇక్కడ పలికినట్టుగా తెలుగులోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో మామూలు ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి. పెద్దబడి, చిన్నబడి తేడా ముఖ్యమైన చోట చెబుతాను.)

బైండ్‌కీ ఎందుకు ఒప్పుకోదంటే, అది తనకిచ్చిన మాటల్ని జంటలుగా చదువుతుంది. మొదటిది కీ, రెండోది విడ్జెట్ పేరు. మళ్ళీ మూడోది కీ, నాలుగోది విడ్జెట్ పేరు. మీరు పేరునీ ఆర్గ్యుమెంట్‌నీ కలిపి కోట్స్‌లో పెట్టారు కాబట్టి ఆ మొత్తం ఒకే పేరనుకుంది. ఆ పేరుతో విడ్జెట్ ఉందా లేదా అన్నది బైండ్ చేసేటప్పుడు చూడదు, కీ నొక్కినప్పుడే చూస్తుంది. అందుకే తప్పు అంత ఆలస్యంగా బయటపడింది. కోట్స్ లేకుండా ఒక ఆర్గ్యుమెంట్ రాసి ఉంటే జంట కుదరక అక్కడికక్కడే తప్పు చూపించేది.

రెండు ఆర్గ్యుమెంట్లు రాస్తే మాత్రం ఇంకా దారుణం. కొత్తలో నేను చేసింది అదే. కర్సర్‌ని జరిపే విడ్జెట్ ఒకటి రాసి, బైండ్‌కీలో కీ, విడ్జెట్ పేరు, ఆ తర్వాత 'లెఫ్ట్', 'వర్డ్' అని వరసగా ఇచ్చాను. మొత్తం నాలుగు మాటలు, అంటే రెండు జంటలు. షెల్ కిక్కురుమనలేదు. ఆ రోజు నుంచి చిన్నబడి ఎల్ నొక్కి ఆగితే ఆ అక్షరం తెర మీద కనబడటానికి కాస్త టైం పట్టేది. కీబోర్డ్ పాడైందనుకున్నాను. జరిగింది ఏమిటంటే, ఎల్-ఈ-ఎఫ్-టీ అనే నాలుగక్షరాల వరస 'వర్డ్' అనే లేని విడ్జెట్‌కి బైండ్ అయిపోయింది. ఎల్ కొట్టగానే, తర్వాత ఈ వస్తుందేమోనని షెల్ కీటైమౌట్ అయ్యేదాకా, అంటే మామూలు సెట్టింగ్‌లో 0.4 సెకన్లు, ఆగేది. మీ దగ్గర కూడా ఏదైనా అక్షరం ఇలా నత్తనడక నడుస్తుంటే, బైండ్‌కీ అని ఉత్తినే కొట్టి వచ్చిన జాబితా ఒకసారి చూసుకోండి.

ఒక్క లైను ఫంక్షన్ల పద్ధతి. మీ అసలు ఫంక్షన్ పేరు 'చుట్టు' అనుకుందాం. అది `$1`లో (మొదటి ఆర్గ్యుమెంట్) తెరిచే గుర్తుని, `$2`లో (రెండోది) మూసే గుర్తుని తీసుకుంటుంది. 'చుట్టు-సింగిల్' అనే ఫంక్షన్ లోపల ఒక్కటే లైను ఉంటుంది, చుట్టుని సింగిల్ కోట్ రెండుసార్లు ఇచ్చి పిలవడం. 'చుట్టు-బ్రాకెట్' అయితే తెరిచేదీ మూసేదీ ఇస్తుంది. తర్వాత జెడ్‌ఎల్‌ఈ (జెడ్‌షెల్ లైన్ ఎడిటర్) ఆదేశాన్ని మైనస్ పెద్దబడి ఎన్‌తో వాడి ఈ చిన్నవాటిని మాత్రమే విడ్జెట్లుగా నమోదు చేయాలి. అసలు ఫంక్షన్‌ని విడ్జెట్ చేయాల్సిన పనే లేదు. చాలామంది ఇక్కడే తడబడతారు. విడ్జెట్ లోపల నుంచి మామూలు ఫంక్షన్‌ని పిలిస్తే, లైన్‌ని మార్చే బఫర్, ఎల్‌బఫర్, ఆర్‌బఫర్, కర్సర్ అనే (పెద్దబడిలో రాసే) ప్రత్యేక వేరియబుల్స్ అన్నీ దానికీ అందుతాయి. వాటికోసం అన్నిటినీ విడ్జెట్ చేసి జెడ్‌ఎల్‌ఈ ద్వారానే పిలవనక్కర్లేదు.

పేరునే ఆర్గ్యుమెంట్‌గా వాడటం. కీలు ఎక్కువైనప్పుడు నేను వాడేది ఇదే. ఒకే ఫంక్షన్‌ని ఎన్ని పేర్లతోనైనా విడ్జెట్లుగా నమోదు చేయొచ్చు. జెడ్‌ఎల్‌ఈ మైనస్ పెద్దబడి ఎన్ తర్వాత మొదట విడ్జెట్ పేరు, ఆ వెనక ఫంక్షన్ పేరు ఇస్తే సరి. ఫంక్షన్ లోపల పెద్దబడిలో విడ్జెట్ అనే వేరియబుల్ ఉంటుంది, ఏ పేరుతో పిలిచారో అది చెబుతుంది. ఆ పేరులో చివరి హైఫన్ తర్వాతి ముక్క తీసుకుంటే అదే మీ ఆర్గ్యుమెంట్. సింగిల్, డబుల్, బ్రాకెట్ అనే ముక్కలకి ఏ గుర్తులు పెట్టాలో ఒక అసోసియేటివ్ అరేలో (పేరుకి విలువని జతచేసే పట్టికలో) రాసుకుంటే, కొత్త రకం కావాల్సినప్పుడు అందులో ఒక వరస చేర్చడమే. నమోదు చేసే పని కూడా ఆ అరే మీద ఒక ఫర్ లూప్ తిప్పితే అయిపోతుంది.

ఇది నేను కనిపెట్టిన కిటుకేం కాదు, జెడ్‌షెల్‌తో పాటు వచ్చే ఫంక్షన్లే ఇలా రాసి ఉన్నాయి. 'సరౌండ్' అనే ఫంక్షన్ ఒక్కటే, దాన్ని యాడ్-సరౌండ్, డిలీట్-సరౌండ్, చేంజ్-సరౌండ్ అనే మూడు విడ్జెట్లుగా నమోదు చేసుకోమంటుంది మాన్యువల్. 'హిస్టరీ-సెర్చ్-ఎండ్' కూడా అంతే, వెనక్కి వెతికే విడ్జెట్‌కీ ముందుకు వెతికే విడ్జెట్‌కీ ఒకటే ఫంక్షన్. మీ షెల్‌లో ఆ ఫైళ్ళు ఉంటాయి, తెరిచి చదవండి. నేను నేర్చుకున్నది చాలావరకు అక్కడే. సెట్టింగ్‌లాంటి విలువ అయితే, అంటే రోజూ మారనిది అయితే, సెట్టింగ్‌లు దాచే జెడ్‌స్టైల్ ఆదేశంతో విడ్జెట్ పేరు మీద రాసి పెట్టుకుని ఫంక్షన్‌లో చదువుకునే పద్ధతి కూడా ఉంది. మీ కోట్స్ పనికి అంత హంగామా అనవసరం.

ఈ పేరు పద్ధతిలో ఒక గొయ్యి ఉంది, ఒక సాయంత్రమంతా నేను అందులోనే ఉన్నాను. మీ విడ్జెట్‌ని మీరే ఇంకో విడ్జెట్ లోపల నుంచి జెడ్‌ఎల్‌ఈ ద్వారా పిలిచారనుకోండి. అప్పుడు విడ్జెట్ వేరియబుల్‌లో లోపలి పేరు రాదు, మీరు కీ నొక్కి పిలిచిన బయటి పేరే ఉంటుంది. నేను 'పదాన్ని చుట్టి, లైన్ చివరికి పో' అని ఒక పెద్ద విడ్జెట్ రాసుకున్నాను. అది లోపల చుట్టు-డబుల్‌ని పిలిచేది. చుట్టు ఫంక్షన్ తన పేరు చూసుకుంటే అక్కడ పెద్ద విడ్జెట్ పేరు. చివరి ముక్క అరేలో లేదు కాబట్టి ఏ గుర్తూ పెట్టకుండా ఊరుకుంది. తప్పూ చూపలేదు, పనీ చేయలేదు. ఇది లోపం కాదు, మాన్యువల్‌లో ఉన్నదే. లోపలి పేరు కావాలంటే పిలిచేటప్పుడు మైనస్ డబ్ల్యూ ఇవ్వాలి. మరీ పాత వెర్షన్లలో ఆ ఆప్షన్ లేదు.

అందుకని ఇప్పుడు నేను రాసే ప్రతి విడ్జెట్‌లో మొదటి లైను ఒకటే. `$1` వచ్చిందా, అది వాడు. రాలేదా, పేరులో చివరి ముక్క వాడు. కీ నుంచి వచ్చినప్పుడు `$1` ఖాళీగా ఉంటుంది కాబట్టి పేరు పనికొస్తుంది. ఇంకో విడ్జెట్ నుంచి పిలిస్తే ఆర్గ్యుమెంట్ నేరుగా ఇస్తాను. ఆరేళ్ళుగా ఇదే వాడుతున్నాను, మళ్ళీ ఆ గోతిలో పడలేదు.

అవును, విడ్జెట్లకి నిజమైన ఆర్గ్యుమెంట్లు కూడా ఉంటాయి, కీ నుంచి మాత్రం రావు. జెడ్‌ఎల్‌ఈ, విడ్జెట్ పేరు, ఆ తర్వాత మీకు కావలసినవి రాస్తే అవి ఫంక్షన్‌లో `$1`, `$2`గా అందుతాయి. ఆర్గ్యుమెంట్ మైనస్‌తో మొదలయ్యే అవకాశం ఉంటే పేరు తర్వాత `--` పెట్టండి, లేకపోతే దాన్ని ఆప్షన్ అనుకుంటుంది. షెల్ కూడా కొన్నిచోట్ల తనంతట తాను ఆర్గ్యుమెంట్ ఇస్తుంది. వీఐ మోడ్‌లో (వీఐ ఎడిటర్ తరహా కీల ఏర్పాటు) కీమ్యాప్, అంటే కీల పట్టిక, మారినప్పుడు నడిచే జెడ్‌ఎల్‌ఈ-కీమ్యాప్-సెలెక్ట్ అనే విడ్జెట్‌కి పాత కీమ్యాప్ పేరు `$1`గా వస్తుంది. షెల్‌లో ముందే ఉన్న విడ్జెట్లకి మాత్రం ఆర్గ్యుమెంట్లు ఇచ్చినా చాలావరకు వృథా. హిస్టరీలో వెతికే కొన్ని, ఇంకా యూనివర్సల్-ఆర్గ్యుమెంట్ లాంటివే వాటిని పట్టించుకుంటాయి. మిగతావి మాట్లాడకుండా వదిలేస్తాయి.

ఇంకో విషయం. ముందే ఉన్న విడ్జెట్‌ని కప్పి మీ సొంతది రాస్తున్నప్పుడు లోపల అసలుదాన్ని పిలిచే చోట `-- "$@"` (వచ్చిన ఆర్గ్యుమెంట్లన్నిటినీ ఉన్నదున్నట్టు పంపేది) తప్పకుండా రాయండి. ఇది మరిచిపోయిన ప్లగిన్ ఒకటి వేసుకుని, నా విడ్జెట్లకి ఆర్గ్యుమెంట్లు ఎందుకు అందట్లేదో తెలియక నేను చాలాసేపు నా కోడ్‌నే తిట్టుకున్నాను.

నొక్కిన కీనే ఆర్గ్యుమెంట్‌గా తీసుకోవడం మీ పనికి చూడటానికి చాలా ముచ్చటగా ఉంటుంది. పెద్దబడిలో కీస్ అనే వేరియబుల్‌లో మీరు నొక్కిన వరస ఉన్నదున్నట్టు ఉంటుంది. కంట్రోల్-ఎక్స్ తర్వాత సింగిల్ కోట్, కంట్రోల్-ఎక్స్ తర్వాత డబుల్ కోట్, కంట్రోల్-ఎక్స్ తర్వాత బ్రాకెట్, ఈ మూడింటినీ ఒకే విడ్జెట్‌కి బైండ్ చేసి, కీస్‌లో చివరి అక్షరం తీసుకుంటే సరిపోతుంది. బ్రాకెట్లకి మూసే గుర్తు వేరు కాబట్టి దానికొక చిన్న కేస్ రాసుకోవాలి. ఆల్ట్‌తో పెడదామనుకుంటే, ఈమాక్స్ మోడ్‌లో (ఈమాక్స్ ఎడిటర్ తరహా కీల ఏర్పాటు) ఆల్ట్-సింగిల్ కోట్ మొత్తం లైన్‌కి కోట్స్ పెట్టే విడ్జెట్‌కి, ఆల్ట్-డబుల్ కోట్ ఎంచుకున్న భాగానికి పెట్టేదానికి ముందే కేటాయించి ఉన్నాయి. వాటిని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు, అందుకే కంట్రోల్-ఎక్స్.

కానీ కీస్ మీద ఆధారపడితే బైండింగ్ మార్చే స్వేచ్ఛ పోతుంది. ఒక స్నేహితుడికి నా ఫైల్ ఇస్తే ఆయన ఈ విడ్జెట్‌ని ఎఫ్5కి పెట్టుకున్నారు. చాలా టెర్మినల్స్‌లో ఎఫ్5 నొక్కితే ఎస్కేప్‌తో మొదలై `~` గుర్తుతో ముగిసే వరస వెళ్తుంది. ఇంకేముంది, ఆయన పదాలన్నిటి చుట్టూ `~` గుర్తులు మొలిచాయి. ఒక్కరే వాడుకునే ఫైల్ అయితే కీస్ ఫరవాలేదు. పదిమందికీ ఇచ్చేదైతే పేరు పద్ధతే మేలు.

గుర్తులు మరీ ఎక్కువైతే కీలన్నీ గుర్తుపెట్టుకోవడం కంటే అప్పటికప్పుడు అడగడం సుఖం. విడ్జెట్ ఒకే కీకి ఉంటుంది, అది నడవగానే రీడ్ మైనస్ కె తో ఇంకో అక్షరం చదువుతుంది. విడ్జెట్ నడిచేటప్పుడు స్టాండర్డ్ ఇన్‌పుట్‌ని షెల్ డెవ్-నల్‌కి, అంటే చదివితే ఏమీ రాని ఖాళీ ఫైల్‌కి, తిప్పేస్తుంది. లోపల నడిచే ఏదో ప్రోగ్రామ్ టెర్మినల్ నుంచి చదవబోయి ఎడిటర్‌ని బిగదీసెయ్యకుండా ఈ ఏర్పాటు. అందుకే ఉత్త రీడ్ పనిచేయదు, రీడ్ మైనస్ కె, మైనస్ క్యూ మాత్రం పనిచేస్తాయి. ఎస్కేప్ నొక్కితే ఏమీ మార్చకుండా వెనక్కి వచ్చేలా ఒక లైను రాసుకోవడం మరవకండి. అక్షరం కాకుండా పెద్ద మాటే కావాలంటే, రీడ్-ఫ్రమ్-మినీబఫర్ అనే ఫంక్షన్ షెల్‌తోనే వస్తుంది, ఆటోలోడ్ చేసుకుని వాడొచ్చు. జవాబు పెద్దబడిలో రిప్లై అనే వేరియబుల్‌లో ఉంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న, మూడు పదాల సంగతి. దీనికి షెల్‌లోనే ఏర్పాటు ఉంది. ఈమాక్స్ మోడ్‌లో ఆల్ట్-3 నొక్కి తర్వాత మీ కీ నొక్కితే, ఫంక్షన్‌లో పెద్దబడి న్యూమరిక్ అనే వేరియబుల్‌లో 3 ఉంటుంది. వీఐ కమాండ్ మోడ్‌లో ఉత్త 3 చాలు. నంబర్ ఇవ్వకపోతే ఆ వేరియబుల్ అసలు ఉండదు, సున్నా కూడా కాదు. కాబట్టి లేనప్పుడు 1 అనుకోమని రాసుకోవాలి. కొన్ని టెర్మినల్స్ ఆల్ట్-అంకెల్ని ట్యాబ్‌లు మార్చడానికి తామే మింగేస్తాయి. అలాంటప్పుడు ఎస్కేప్ నొక్కి వదిలి, తర్వాత 3 నొక్కండి.

ఇక్కడ జాగ్రత్త. ఆ నంబర్ మీ ఫంక్షన్‌లోనే ఆగదు, లోపల పిలిచే విడ్జెట్లకి కూడా పాకుతుంది. నేను మొదట రాసిన కోడ్‌లో న్యూమరిక్ ఎంతో అన్నిసార్లు రిపీట్ చేస్తూ ముందు పదానికి జరిగే విడ్జెట్‌ని పిలిచాను. 3 ఇస్తే కర్సర్ తొమ్మిది పదాలు దాటింది. ఎందుకంటే, పిలిచిన ప్రతిసారీ ఆ విడ్జెట్ కూడా 3 చూసి మూడేసి పదాలు జరిగింది. లూప్ తీసేసి ఒక్కసారి పిలిస్తే చాలు, లెక్క అదే చూసుకుంటుంది. అదే సమయంలో, ముందుగా పదం మొదటికి రావడానికి బ్యాక్‌వర్డ్-వర్డ్ పిలుస్తారు కదా, దానికి మాత్రం పేరు తర్వాత మైనస్ పెద్దబడి ఎన్ ఇవ్వండి, అంటే 'నంబర్ ఏమీ లేనట్టే నడువు' అని. లేదంటే మూడు పదాలు వెనక్కి పోతుంది. మీరే ఒక నంబర్ ఇవ్వాలంటే మైనస్ చిన్నబడి ఎన్, దాని పక్కన ఆ నంబర్. ఇవన్నీ విడ్జెట్ పేరు తర్వాతే రావాలి, ముందు కాదు.

ముందుకు జరగడానికి ఫార్వర్డ్-వర్డ్ వాడకండి. జెడ్‌షెల్‌లో అది తర్వాతి పదం మొదటికి పోతుంది, దాంతో మూసే కోట్ ఖాళీ దాటి పడుతుంది. ఈమాక్స్-ఫార్వర్డ్-వర్డ్ అనేది పదం చివర ఆగుతుంది, మీకు కావలసింది అది.

న్యూమరిక్‌నే రకం చెప్పడానికి వాడేవాళ్ళని కూడా చూశాను, 1 అంటే సింగిల్ కోట్, 2 అంటే డబుల్ కోట్ అని. వద్దండీ. నెల తిరిగేసరికి ఏ అంకె దేనికో మీకే గుర్తుండదు, పైగా పదాల లెక్కకి అంకెలు మిగలవు. బైండ్‌కీ మైనస్ ఎస్‌తో అక్షరాల వరసని తోసే పద్ధతీ ఉంది, అందులో ఎస్కేప్-3 పెట్టి, తర్వాత మీ విడ్జెట్ కీ పెడితే ఒకే కీకి నంబర్‌తో సహా విడ్జెట్ నడుస్తుంది. పనిచేస్తుంది కానీ, రేపు ఆ లోపలి కీ బైండింగ్ మార్చారంటే ఇదీ చడీచప్పుడు లేకుండా పాడవుతుంది.

విడ్జెట్ లోపల ఏం వస్తోందో చూడాలంటే ప్రింట్ వాడకండి, తెర చిందరవందర అవుతుంది. జెడ్‌ఎల్‌ఈ మైనస్ పెద్దబడి ఎం ఇచ్చి సందేశం రాస్తే లైన్ కింద శుభ్రంగా కనబడుతుంది. అందులో విడ్జెట్, కీస్, న్యూమరిక్, `$#` (ఆర్గ్యుమెంట్ల సంఖ్య) నాలుగూ చూపించుకుంటే సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

చివరగా బ్యాష్ సంగతి. మీరు విన్నది నిజమే. బ్యాష్‌లో బైండ్ మైనస్ ఎక్స్‌కి పేరు కాదు, పూర్తి షెల్ కమాండ్ ఇస్తారు. కాబట్టి ఫంక్షన్ పక్కన ఆర్గ్యుమెంట్లు మామూలుగా రాసేయొచ్చు. ఫిష్ అనే షెల్‌లో కూడా అంతే. పవర్‌షెల్ అయితే కీకి తగిలించిన స్క్రిప్ట్ బ్లాక్‌కి, నొక్కిన కీనీ నంబర్‌నీ రెండు పారామీటర్లుగా తానే అందిస్తుంది. కానీ బ్యాష్‌లో లైన్‌ని మార్చడానికి ఉన్నవి రీడ్‌లైన్-లైన్, రీడ్‌లైన్-పాయింట్ అనే రెండు వేరియబుల్స్ (పెద్దబడిలో, హైఫన్ బదులు అండర్‌స్కోర్‌తో రాయాలి), అవి వెర్షన్ 4.0లో వచ్చాయి. ఆల్ట్-3 లాంటి నంబర్ ఫంక్షన్‌కి తెలియాలంటే రీడ్‌లైన్-ఆర్గ్యుమెంట్ కావాలి, అది 2022లో వచ్చిన 5.2 నుంచే ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, బైండ్ మైనస్ ఎక్స్ ఫంక్షన్ లోపల నుంచి రీడ్‌లైన్ (బ్యాష్ లైన్ ఎడిటర్) సొంత కమాండ్‌ని పేరు పెట్టి పిలవలేరు. పదం చివరికి జరగడం లాంటివన్నీ మీరే అక్షరాలు లెక్కపెట్టి రాసుకోవాలి. మీరు మ్యాక్ వాడుతుంటే ఇంకో చిక్కు, దాంతో వచ్చే బ్యాష్ ఇప్పటికీ 3.2. అందులో రీడ్‌లైన్-లైన్ కూడా లేదు, కాబట్టి మీ ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ అందుకుంటుంది కానీ లైన్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.